ప్యాకేజీ 3,495 పౌండ్లు, పరీక్షల ఫీజు 270: లారీ లైసెన్సు కోసం బంగారం తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర పల్లె. అక్కడ ఎనిమిదేళ్లు లారీ తోలాను, మిర్చి యార్డు నుంచి నాగ్‌పూర్ లైను. మా ఆవిడ నర్సు. ఆమె వీసా మీద డిపెండెంట్‌గా వచ్చాను, నాలుగేళ్ల పాపతో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటున్నాం. వేర్‌హౌస్‌లో గంటకు 13 పౌండ్లకు చేస్తున్నాను. పోయిన నెలే ఇక్కడి కారు లైసెన్సు చేతికొచ్చింది. లారీ లైసెన్సు, సీపీసీ (జీతానికి లారీ, బస్సు తోలేవాళ్లకు లైసెన్సుతో పాటు ఉండాల్సిన అర్హత) అన్నీ కలిపి 3,495 పౌండ్లని ఒక ట్రైనింగ్ కంపెనీ చెప్పింది. ఒకేసారి కట్టలేకపోతే నెలకు 175 చొప్పున 24 నెలలు కట్టమంటున్నారు. ఇంకోపక్క ఒక బస్సు కంపెనీ జీతమిచ్చి మరీ నేర్పిస్తానంటోంది. కాకపోతే రెండేళ్లు ఉండాలి, మధ్యలో మానేస్తే 2,000 పౌండ్లు కట్టాలి. మా దగ్గర దాచుకున్నది 2,600. ఇంటి దగ్గరున్న మా ఆవిడ బంగారం మీద అప్పు తీసి తెప్పించుకోమంటారా? లారీ తోలితే గంటకు 17 దాకా వస్తుందని స్నేహితుడు చెప్పాడు. అన్నట్టు, మా తమ్ముడికి యూకేలో లారీ డ్రైవర్ ఉద్యోగం ఇప్పిస్తానని ఏజెంటు ఆరు లక్షలు అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?

జవాబు: మీరు ఆఖర్న అడిగినదానికే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అక్కడ డబ్బు ఇవాళో రేపో చేయి దాటేలా ఉంది. ఆ ఏజెంటుకు రూపాయి కూడా ఇవ్వొద్దని తమ్ముడికి ఫోన్ చేయండి. లారీ డ్రైవర్ పని ఇక్కడి స్కిల్డ్ వర్కర్ వీసా కిందికి రాదు. 2021లో డ్రైవర్లు దొరక్క పెట్రోలు బంకుల దగ్గర కార్లు బారులు తీరినప్పుడు కొద్ది నెలల తాత్కాలిక వీసాలు ఇచ్చారు. అది ఎప్పుడో ముగిసింది. మీరు ఇక్కడ లారీ ఎక్కగలిగేది డిపెండెంట్ వీసా వల్లే, దాని మీద దాదాపు ఏ పనైనా చేసుకోవచ్చు. మీ తమ్ముడికి ఆ దారి లేదు.

ఇక మీ 3,495. అది దేనికో ఆ కంపెనీ విడివిడిగా రాసిచ్చిందా? ఇచ్చి ఉండరు. నేను రాస్తాను చూడండి. థియరీలో వంద ప్రశ్నల పరీక్షకు 26 పౌండ్లు, రోడ్డు మీద ప్రమాదాన్ని పసిగట్టే వీడియో పరీక్షకు 11, కేస్ స్టడీల పరీక్షకు 23. బండి వెనక్కి పెట్టడం లాంటివి చూసే ఆవరణ పరీక్షకు 40 దాకా. రోడ్డు పరీక్షకు మామూలు రోజుల్లో 115, సాయంత్రాలూ వారాంతాల్లో అయితే 141. సీపీసీలో నాలుగో మాడ్యూల్‌కు, అంటే బండి చూపిస్తూ నోటితో చెప్పే పరీక్షకు 55. మామూలు రోజుల లెక్కన అన్నీ కలిపినా 270 పౌండ్లు. లైసెన్సులిచ్చే డీవీఎల్ఏ ఆఫీసుకు పంపే మెడికల్ రిపోర్టు మీద డాక్టరు సంతకానికి కొంత వేసుకోండి. అది ఇక్కడి ప్రభుత్వ వైద్యం ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉచితంగా చేయరు, ఒక్కో చోట ఒక్కో రేటు, నాలుగు చోట్ల అడిగి చౌకగా ఉన్నచోటికి వెళ్లండి. లారీ ప్రొవిజనల్‌కు, అంటే నేర్చుకునేటప్పుడు ఉండే లైసెన్సుకు, విడిగా ఫీజు లేదు.

అంటే మూడు వేల పైచిలుకు పోయేది బండి అద్దెకు, డీజిలుకు, పక్కన కూర్చునే ఇన్‌స్ట్రక్టర్‌కు. నేర్పే బండి ఖరీదైనది, నేర్పేవాడి రోజు కూలీ కూడా తక్కువేం కాదు, అందులో అన్యాయమని అనను. కానీ ఫోన్‌లో ప్యాకేజీలు అమ్మేవాళ్లలో సొంతంగా ఒక్క లారీ కూడా లేని దళారులుంటారు. మీ డబ్బు తీసుకుని, తమ వాటా ఉంచుకుని, మిమ్మల్ని ఎక్కడో ఉన్న స్కూలుకు పంపుతారు. మీరు అడగాల్సిన మొదటి మాట: బండి మీదేనా, యార్డు ఎక్కడ, నేను వచ్చి చూడొచ్చా?

మీ విషయంలో అసలు తేడా ఇంకోచోట ఉంది. ఇలాంటి ప్యాకేజీ లెక్క కట్టేది నిన్నటిదాకా కారు తప్ప ఏమీ ఎక్కనివాడికి. మీరు లోడు బండి ఘాట్లో గేరు మార్చిన మనిషి. ఇక్కడా ఎడమ పక్కే నడపడం, స్టీరింగు కుడివైపే. మన హెవీ లైసెన్సును ఇక్కడ లెక్కలోకి తీసుకోరన్నది నిజమే, పరీక్షలన్నీ మళ్లీ రాయాల్సిందే. అయితే చేతికొచ్చిన పని ఎక్కడికీ పోదు. అందుకని ముందు గంటో రెండు గంటలో అసెస్‌మెంట్ డ్రైవ్‌కు డబ్బు కట్టండి. మీకు ఎన్ని రోజులు కావాలో ఆ ఇన్‌స్ట్రక్టర్ చూసి చెప్పాక, అన్ని రోజులే కొనండి. 2021 నవంబరు నుంచి ముందు రిజిడ్ లారీ (ట్రైలర్ లేని, ఒకే చట్రం బండి) పాసవ్వాలన్న నిబంధన లేదు, నేరుగా ట్రైలర్ లారీకే వెళ్లొచ్చు. మీకు చెప్పిన ధర ఏ కేటగిరీకో మీ ఉత్తరంలో లేదు. అదీ అడగండి.

మన డ్రైవర్లు బోల్తా పడేది స్టీరింగు దగ్గర కాదు, థియరీలో. వందలో 85 రావాలి, వీడియోల్లో వందకు 67, కేస్ స్టడీల్లో 50కి 40. అంతా ఇంగ్లిష్‌లోనే, ఇతర దేశాల భాషల్లో వినిపించడం 2014లోనే మానేశారు. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగాలన్న నిబంధన నాగ్‌పూర్ లైనులో మీకెవరూ చెప్పి ఉండరు, ఇక్కడ బండిలో ఉండే ట్యాకోగ్రాఫ్ అనే మీటరు ప్రతి నిమిషం రాసుకుంటుంది. నాలుగో మాడ్యూల్ అయితే లారీ పక్కన నిలబడి నోటితో చెప్పే పరీక్ష. ఎగ్జామినర్ ముందు బండి చుట్టూ తిరిగి టైరు, లైటు, నట్లు చూపించాలి. పట్టీ బిగించి లోడు కదలకుండా ఎలా కడతారో చెప్పాలి. వెనక ఎవరైనా దొంగచాటుగా ఎక్కి దాక్కోకుండా ఎక్కడెక్కడ వెతుకుతారో చూపించాలి. ఐదు అంశాలు, ఒక్కోదానికి 20 మార్కులు. ప్రతిదాంట్లో 15 రావాలి, మొత్తం మీద 80. పట్టా కప్పి తాడు బిగించడం మీకు నిద్రలోనైనా వస్తుంది. దాన్ని ఇంగ్లిష్‌లో వరసగా చెప్పడం మాత్రం ఇంట్లో అద్దం ముందు నేర్చుకోవాలి, మీ ఆవిడను ఎగ్జామినర్‌గా కూర్చోబెట్టండి. ఆ నేర్చుకోవడానికి పైసా ఖర్చు లేదు.

కాబట్టి ఇప్పుడు మీరు పెట్టాల్సిన ఖర్చు మెడికల్, మూడు థియరీ పరీక్షలకు 60 పౌండ్లు, అంతే. వేర్‌హౌస్ పని మానకుండా రెండు మూడు నెలల్లో అవి పూర్తి చేయండి. థియరీ పాసైన రెండేళ్లలోపు రోడ్డు పరీక్ష గట్టెక్కితే చాలు, కంగారేం లేదు. ఆ నెలల్లో 200 చొప్పున పక్కన పెట్టగలిగితే మీ 2,600 కాస్తా మూడు వేలవుతుంది. అందులో వెయ్యి ముట్టుకోవద్దు, పాపకు జ్వరమొచ్చి మీరిద్దరిలో ఒకరు వారం ఇంట్లో ఉండాల్సొస్తే ఆ డబ్బే ఆదుకోవాలి. మిగతా రెండు వేలతో రోజుల లెక్కన ట్రైనింగ్ కొనుక్కోవచ్చు. అసెస్‌మెంట్ తర్వాత అది చాలదని తేలితే ఇంకో రెండు నెలలు ఆగండి.

వాయిదాల మాట వద్దు. 175 ఇంటూ 24 అంటే 4,200. ఆ 705 పౌండ్లు వడ్డీ, అంతకన్నా ముద్దు పేరేం లేదు. పైగా మీరు పరీక్ష తప్పినా వాయిదా ఆగదు. రోడ్డు పరీక్ష ఒకసారి తప్పితే మళ్లీ 115తో పాటు ఆ రోజు లారీ అద్దె కూడా కట్టాలి. ప్యాకేజీలో “ఫ్రీ రీటెస్ట్” అని ఉంటే ఆ ఫ్రీ దేనికి వర్తిస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. బంగారం సంగతి: 3,495 పౌండ్లంటే దాదాపు నాలుగు లక్షల రూపాయలు. మీ చేతిలో డబ్బుండగా, నిండా మూడు నెలలు ఆగితే సరిపోయే పనికి అంత తాకట్టు పెట్టించే సలహా నేనివ్వను.

డబ్బు కట్టే పద్ధతి కూడా చెబుతాను. వంద పౌండ్లు దాటిన సేవకు క్రెడిట్ కార్డు మీద కొంతైనా కడితే, ఆ కంపెనీ మూతపడినప్పుడు కన్స్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షన్ కింద కార్డు కంపెనీనే డబ్బు అడగొచ్చు. అందుకని డిపాజిట్ కార్డు మీద కట్టి, బిల్లు రాగానే పూర్తిగా తీర్చేయండి. మధ్యలో దళారి ఉంటే ఈ రక్షణ చిక్కుల్లో పడొచ్చు, నేరుగా స్కూలుకే కట్టమనడానికి అదొక కారణం. ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో ఒప్పుకున్న కోర్సుకు 14 రోజుల్లోపు వద్దని చెప్పే హక్కు కూడా ఉంది. అప్పటికే వాడుకున్న పాఠాల డబ్బు మాత్రం పట్టుకుంటారు.

పెట్టిన డబ్బు తిరిగొస్తుందా? మీ స్నేహితుడు చెప్పిన 17 నిజమే అనుకుందాం. గంటకు నాలుగు పౌండ్లు ఎక్కువ, వారానికి 45 గంటలు, 180 పౌండ్లు. అందులో పన్ను 20 శాతం, నేషనల్ ఇన్సూరెన్స్ 8 శాతం తీసేస్తే చేతికందేది 130. పూర్తి ప్యాకేజీ కొన్నా ఏడు నెలల్లో తీరిపోతుంది, రోజుల లెక్కన కొంటే ఇంకా ముందే. లెక్క బాగుంది కదా? ఒకటే తిరకాసు. కొత్తగా పాసైనవాళ్లను బీమా కారణంగా కొన్ని కంపెనీలు తీసుకోవు, రెండేళ్ల అనుభవం అడుగుతాయి. మీ ఎనిమిదేళ్లను లెక్కలోకి తీసుకుంటారో లేదో కంపెనీని బట్టి ఉంటుంది. అందుకే ట్రైనింగ్‌కు డబ్బు కట్టేముందే లెస్టర్ చుట్టుపక్కల నాలుగు ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలకు, రెండు ఏజెన్సీలకు ఫోన్ చేయండి. కొత్త లైసెన్సు, ఇండియాలో ఎనిమిదేళ్లు, నన్ను తీసుకుంటారా అని సూటిగా అడగండి. ఎవరూ ఊ అనకపోతే ఆ 130 కాగితం మీదే ఉంటుంది.

అప్పుడు బస్సే మీకు మేలు. నిజం చెప్పాలంటే, ఇప్పుడైనా దాన్ని తీసిపారేయొద్దు. నేర్చుకునే రోజుల్లో కూడా జీతం వస్తుంది, ఇది ప్యాకేజీలో ఉండదు. ఆ 2,000 బాండు ఒక రకంగా వడ్డీ లేని అప్పు, నెలనెలా ఉద్యోగంలో ఉండి తీరుస్తారు. నెలనెలా తగ్గే బాండు అయితే పది నెలలకు మానేసినా కట్టేది 1,166 చిల్లర. తగ్గకుండా ఇరవై మూడో నెలలోనూ రెండు వేలే అడిగే బాండు అయితే సంతకం చేసేముందు బాగా ఆలోచించాలి. కాకపోతే బస్సు డ్యూటీలో పొద్దున రద్దీకి ఒక ముక్క, సాయంత్రం రద్దీకి ఒక ముక్క పడుతుంటాయి. మీ ఆవిడది హాస్పిటల్‌లో పొడుగు షిఫ్టు. ఇద్దరి డ్యూటీలూ క్యాలెండర్ మీద రాసి, పాపను చూసుకునేవాళ్లు లేని గంటలకు ఎర్ర సున్నా చుట్టండి. ఆ సున్నాలకు చైల్డ్‌మైండర్‌కు ఇచ్చే డబ్బు తీసేశాక, ఏ ఉద్యోగంలో మిగులు ఎక్కువో తెలుస్తుంది.

సీపీసీ ఒకసారి పాసైతే అయిపోయేదీ కాదు. ప్రతి ఐదేళ్లకు 35 గంటల ట్రైనింగ్ పూర్తి చేయాలి, అంటే ఐదు రోజుల క్లాసులు. లారీ, బస్సు రెండూ తోలినా అదే 35 గంటలు సరిపోతాయి. రోజుకు 80 పౌండ్లనుకుంటే 400, నెలకు ఏడు పౌండ్లు పక్కన పెడితే చాలు. ఫీజుకన్నా ఆ ఐదు రోజుల కూలీ పోవడమే ఎక్కువ బాధ, అందుకే ఏడాదికో రోజు చేసుకోండి. కొందరు యజమానులు ఫీజూ రోజు జీతమూ రెండూ ఇస్తారు, ఇంటర్వ్యూలో అడగండి. 2024 డిసెంబరు నుంచి యూకే వరకే చెల్లే నేషనల్ సీపీసీ అని ఒకటి వచ్చింది, అందులో మూడున్నర గంటల కోర్సులు కూడా ఉన్నాయి. యూరప్ లైను తోలే ఆలోచన ఉంటే మాత్రం ఇంటర్నేషనల్‌దే తీసుకోవాలి. సీపీసీ లేకుండా తోలితే జరిమానా వెయ్యి పౌండ్ల దాకా ఉంటుంది, కార్డు ఇంట్లో మర్చిపోయినా 50.

బస్సు కంపెనీ ఇచ్చిన బాండు కాగితాన్ని మీ పేరు, అడ్రసు కొట్టేసి నాకు పంపండి. మానేసినప్పుడు ఆఖరి జీతంలోంచి కోసుకుంటామన్న మాట అందులో ఉందా, వాళ్లే తీసేస్తే ఏమిటన్న మాట ఉందా, ఆ రెండూ చూసి రాస్తాను. అప్పటిదాకా సంతకం ఆపండి. మెడికల్‌కు మాత్రం ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకోండి, లారీకైనా బస్సుకైనా అది ఎలాగూ కావాలి.