పాత తలుపుల ఆకుపచ్చ రంగు గీకించే ముందు మా ఇంట్లో జరిగింది వినండి

తాతల నాటి ఇంటి తలుపులకున్న ఆకుపచ్చ రంగు గీకించి, టేకు కనపడేలా పాలిష్ పెట్టిద్దామనుకుంటే, పాత ఆకుపచ్చలో ఆర్సెనిక్ ఉంటుందని ఎవరో వీడియోలో చెప్పారని, నిజమేనా అని అడిగారు కదా. వీడియోలో చెప్పింది అబద్ధం కాదు గానీ అది మన ఇళ్ళ కథ కాదు. మన తలుపుల దగ్గర భయపడాల్సింది సీసానికి.

1775లో షీలే అనే స్వీడన్ కెమిస్టు రాగి, ఆర్సెనిక్ కలిసిన ఆకుపచ్చ తయారుచేశాడు, 1814లో దాన్ని మించిన ఎమరాల్డ్ గ్రీన్ వచ్చింది. ఇంగ్లండులో వాటితో అచ్చేసిన కాగితాలు పడగ్గదుల గోడలకి అంటించుకున్నారు. తేమకి బూజు పడితే ఆ బూజు ఆర్సెనిక్‌ని వెల్లుల్లి వాసనొచ్చే వాయువుగా మార్చేది. ఇదే ఎమరాల్డ్ గ్రీన్‌ని ప్యారిస్ గ్రీన్ అనే పేరుతో పురుగుమందుగా కూడా కొట్టారంటే చూడండి! మన వైపు గోడలకి కాగితాలెవరు అంటించారు, సున్నం, మహా అయితే అందులో కాస్త నీలం.

తలుపులకి మాత్రం ఆయిల్ పెయింటే. పాత పెయింట్లలో మంచి పసుపు అంటే చాలావరకు లెడ్ క్రోమేట్ (సీసంతో చేసిన రంగు), దానికి ప్రష్యన్ బ్లూ అనే నీలం కలిపితే ఆకుపచ్చ. కిటికీ ఊచలకి తుప్పు పట్టకుండా కొట్టే రెడ్ లెడ్ అయితే అచ్చంగా సీసమే (రెడాక్సైడ్ వేరు, అది ఇనుముది). ఇళ్ళ పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90) దాటకూడదన్న రూలు మన దేశంలో అమల్లోకి వచ్చిందే 2017 నవంబరులో. అంతకుముందు వేసిన ప్రతి పొరనీ అనుమానించాల్సిందే.

మా అమ్మమ్మ వాళ్ళ ఇల్లు బుచ్చిరెడ్డిపాళెం దగ్గర. 2018లో మామ కూతురి పెళ్ళికని తలుపులు గీకించారు. పెయింటర్ పొడి ఉప్పుకాగితం పెట్టి రెండు రోజులు రుద్దాడు. ముదురాకుపచ్చ కింద లేతాకుపచ్చ, దాని కింద చాక్లెట్ రంగు, అడుగున పాతకాలం లప్పం, గడప దగ్గరైతే ఏటేటా పండక్కి వేసిన పసుపు రంగు అట్టలు కట్టి ఉంది. వసారా అంతా సన్నటి పొడి. "ఏందిరా ఈ దుమ్ము, గొంతులో గరగర అంటా ఉంది" అని అమ్మమ్మ పైట అడ్డం పెట్టుకుని తిరుగుతుంటే, మా అక్క కొడుకు, ఏడాది నిండనోడు, ఆ బండల మీదే పాకుతూ చేతులు నోట్లో పెట్టుకుంటున్నాడు. మాకెవరికీ తట్టలేదు.

మూడు వారాల తర్వాత వాడు అన్నం ముట్టడు, విరేచనం కాదు, ఒకటే ఏడుపు. దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. చివరికి నెల్లూరులో పిల్లల డాక్టరు "ఇంట్లో రిపేర్లేమన్నా చేయించారామ్మా?" అని అడిగి రక్తంలో సీసం పరీక్ష రాస్తే డెసిలీటరుకి 14 మైక్రోగ్రాములు వచ్చింది. అమెరికాలో ఇప్పుడు పిల్లలకి 3.5 దాటితేనే జాగ్రత్త పడమంటున్నారు. ఆ స్థాయికి మందు లేదు, దుమ్ము పోగొట్టడమే వైద్యం అన్నారు. రోజూ తడిగుడ్డతో తుడవడం, వాడికి ఐరన్ సిరప్, పాలు. ఆరుకి దిగడానికి ఎనిమిది నెలలు పట్టింది.

కాబట్టి రంగు పెచ్చులు లేవకుండా గట్టిగా ఉంటే గీకకండి, దాని మీదే కొత్త రంగు వేయించండి. టేకు కనపడాల్సిందే అంటే ముందు ఒక పెచ్చు తీసి ల్యాబ్‌లో చూపించండి. సీసం ఉంటే నీళ్ళు చల్లుతూ వాటర్ పేపర్‌తోనే రుద్దించండి, బ్లో ల్యాంప్ మంట అసలు పెట్టనివ్వొద్దు, పొగ ఇంకా ప్రమాదం. పిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్ళని పనయ్యి ఇల్లంతా కడిగేదాకా వేరే ఇంట్లో ఉంచండి. పనివాళ్ళకి ఎన్95 మాస్కు మీరే కొనివ్వండి, తువాలు కట్టుకుంటే ఆగదు. పొడి చీపురుతో ఊడవొద్దు.

గీకిన పొడి మూటగట్టి పడేయాలి, మట్టిలో పోయకూడదు. మా మామ దాన్ని తీసుకెళ్ళి పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లో పోశాడు. చెట్టు ఏపుగానే ఉంది, తాలింపులోకి మాత్రం ఆకు ఇప్పటికీ బజారు నుంచే తెస్తారు.