లేసు అల్లితే లెక్కలు పోతాయా?

నరసాపురం దగ్గర పల్లె నుంచి ఒకావిడ అడిగారు: పాప తొమ్మిదో తరగతి, స్కూల్లో లెక్కల ప్రాజెక్ట్ ఇచ్చారు, ఇదేమో నాయనమ్మ పక్కన చేరి లేసు అల్లుకుంటోంది, అదే ప్రాజెక్ట్ అంటోంది, ఎంపీసీ వేద్దామనుకుంటే ఈ పిచ్చేంటండీ అని.

అమ్మా, ఆ సూది లాక్కోకండి ముందు. మీ అత్తగారినే అడగండి, గుండ్రంగా అల్లేటప్పుడు వరుసకి ఎన్ని కుట్లు పెంచుతారో. సరిపడా పెంచితే పళ్లెంలా చదునుగా వస్తుంది, తగ్గితే గిన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువైతే అంచంతా కుచ్చిళ్లు పడిపోతుంది. కుచ్చిళ్లు పడితే పాడైందని ఆవిడ విప్పేస్తారు కదా, ఆ పాడైందే పెద్ద జామెట్రీ అండి! 1997లో అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో డైనా తైమినా అనే లెక్కల టీచర్ అలా క్రోషాతో అల్లిన హైపర్‌బోలిక్ తలాన్ని, అంటే చదునుగా ఉండకుండా అంతటా కుచ్చిళ్లు తిరిగే తలాన్ని, స్టూడెంట్ల చేతిలో పెట్టారు.

మీ పాపని 20 కుట్లతో మొదలెట్టి ప్రతి ఐదు కుట్లకీ ఒకటి పెంచమనండి. 20 కాస్తా మొదటి వరుసకి 24, రెండో వరుసకి ఇంచుమించు 29, అలా పదో వరుసకి 124 దగ్గరికెళ్లిపోతుంది. అంత దారం చదునుగా పడుకోడానికి చోటేదండీ, మెలికలు తిరగాల్సిందే. దాన్ని మడిచి మూడు తిన్నని గీతలు తెచ్చి, వాటి మీద రంగు దారం కుట్టి త్రిభుజం చేసి కోణాలు కలిపితే 180 రాదు, తక్కువొస్తుంది. బడిలో 180 అని బట్టీ పట్టిన పిల్లకి అది చూస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

కానీ ఒక మాట, అల్లి చార్ట్ మీద అంటించి ఇచ్చేస్తే అది క్రాఫ్ట్ పీరియడే. వరుసకి ఎన్ని కుట్లు, అంచు టేపుతో ఎంతొచ్చింది, మెలిక ఎక్కడ మొదలైంది, ముందు తనేమనుకుంది, ఏది తప్పింది, ఇవన్నీ నోట్‌బుక్‌లో ఉండాలి. బజార్లో కొన్న థర్మాకోల్ మోడల్ కన్నా ఆ నోట్‌బుక్కే నాకు నచ్చుతుంది, మార్కులేసే సార్ సంగతి చెప్పలేను లెండి.

ఎంపీసీ భయం వద్దు, వెయ్యండి. రేపు పాప డిజైన్ వైపు వెళ్తానన్నా, ఐఐటీ బాంబే పెట్టే యూసీడ్ అనే డిజైన్ ఎంట్రన్స్ ఇంటర్లో ఏ గ్రూపు వాళ్లయినా రాయొచ్చు, దాంతో ఐఐటీ హైదరాబాద్‌లో కూడా బీడిజైన్ ఉంది. ఆర్కిటెక్చర్ అంటారా, దానికి లెక్కలూ ఫిజిక్సూ ఉండాల్సిందే, కాబట్టి ఎంపీసీతో ఈ తలుపులేవీ మూసుకుపోవు.

అన్నట్టు వరుసకొక రంగు దారం కొనివ్వండి. తెల్లదారం మీద వందకి పైన కుట్లు లెక్కెట్టాలంటే కళ్లు పోతాయి, మీ అత్తగారే చెప్తారు.