పరిశోధన నోట్సును, రిఫరెన్సులను సాదా టెక్స్ట్ ఫైళ్లలో ఎలా అమర్చుకోవాలి?

పరిశోధన మూడో ఏడాదిలో ఉన్నానని, దాదాపు 300 పత్రాలు చదివానని, వాటి నోట్సు కొంత వర్డ్ ఫైళ్లలోనూ, కొంత పీడీఎఫ్‌ల అంచుల్లోనూ, మిగిలింది ఫోన్‌లోనూ చెదిరి ఉందని మీరు రాశారు. దానినంతా టెక్స్ట్ ఎడిటర్‌లోకి, అంటే ఫాంట్లు, రంగులు లేని ఒట్టి అక్షరాల ఫైళ్లు రాసే ప్రోగ్రాములోకి తెచ్చుకోవాలంటే ఏ ఎడిటర్ మంచిది, ఒకే పెద్ద ఫైలు పెట్టుకోవాలా, పత్రానికొక ఫైలు పెట్టుకోవాలా అన్నవి మీ ప్రశ్నలు. నా డాక్టరేటు పని చాలావరకు ఈ పద్ధతిలోనే సాగింది, ఇప్పటికీ ఇదే వాడుతున్నాను కనుక, చేసిన తప్పులతో సహా నా అనుభవం చెబుతాను.

ఎడిటర్ సంగతి ముందే తేల్చేస్తాను, ఎందుకంటే దాని ఎంపికలో నాకు కొన్ని నెలలు పోయాయి, మీకు పోనక్కర లేదు. మొదట ఈమాక్స్ అనే ఎడిటర్‌లో నోట్సు అమర్చుకునే ఆర్గ్ మోడ్ వాడాను. 2003లో కార్‌స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త మొదలుపెట్టిన ఆ వ్యవస్థలో శీర్షికలను ముడిచి, విప్పి చూసుకునే సౌకర్యం నాకు ఇప్పటికీ ఇష్టమే. తరువాత నాతో కలిసి రాసినవారికి ఈమాక్స్ రాకపోవడంతో మార్క్‌డౌన్‌కు, అంటే శీర్షికలను, ఉల్లేఖనలను చిన్న గుర్తులతో చూపే సాదా టెక్స్ట్ పద్ధతికి మారవలసి వచ్చింది. పాన్‌డాక్ అనే మార్పిడి ప్రోగ్రాముతో ఫైళ్లన్నిటినీ ఒక్క మధ్యాహ్నంలో మార్చగలిగాను. (ఆ పాన్‌డాక్‌ను రాసిన జాన్ మెక్‌ఫార్లేన్ తత్త్వశాస్త్ర ఆచార్యుడు. ఈ రంగంలో మంచి పనిముట్లు కొన్ని ఇలా పరిశోధకుల చేతుల్లోనే పుట్టాయి.) ఫైలు సాదా టెక్స్ట్‌గా ఉన్నంతకాలం ఎడిటర్‌ను ఎప్పుడైనా మార్చుకోవచ్చు కాబట్టి, మీ చేతికి ఇప్పటికే అలవాటైనదానితో మొదలుపెట్టండి.

జాగ్రత్తగా తీసుకోవలసిన నిర్ణయం వేరే ఉంది. ప్రతి పత్రానికీ ఒక కీ, అంటే ఎన్నటికీ మారని ఒక పొట్టి పేరు ఉండాలి. పీడీఎఫ్ ఫైలు పేరు, దాని మీది నోట్సు ఫైలు పేరు, బిబ్‌టెక్స్ ఫైలులో (రిఫరెన్సుల వివరాలు ఉంచే టెక్స్ట్ ఫైలు అది) దాని నమోదు, మీ అధ్యాయంలో దానిని ఉదహరించే చోట రాసే గుర్తు, ఈ నాలుగూ అదే కీతో ఉండాలి. మొదటి ఏడాది నేను దీనికి బదులు సిద్ధాంతం, పద్ధతి, గణాంకాలు అంటూ అంశాలవారీగా ఫోల్డర్లు చేసుకున్నాను. ఒకే పత్రం రెండు ఫోల్డర్లకూ చెందడం, దేనిలో పెట్టానో ఆరు నెలల తరువాత నాకే గుర్తు లేకపోవడం, చివరకు ఒకే పీడీఎఫ్‌కు మూడు ప్రతులు తయారై వాటిలో రెండింటి మీద వేర్వేరు అంచు రాతలు ఉండడం చూశాక వాటిని రద్దు చేశాను. ఇప్పుడు పీడీఎఫ్‌లన్నీ ఒకే ఫోల్డరులో, నోట్సు అంతా మరో ఫోల్డరులో ఉంటాయి, లోపల విభజనలేమీ లేవు.

కీని రచయిత ఇంటిపేరు, సంవత్సరం, శీర్షికలో ఒక ముఖ్యపదం కలిపి చేస్తాను. క్లాడ్ షానన్ 1948లో సమాచార సిద్ధాంతం మీద ప్రచురించిన పత్రానికి నా కీ ‘షానన్1948కమ్యూనికేషన్’. ఇక్కడ తెలుగులో రాశాను గాని, ఫైలులో అంతా రోమన్ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా టైపు చేస్తాను, పాత బిబ్‌టెక్స్‌కు తక్కిన లిపులు సరిపడవు. ఒకే రచయితకు ఒకే ఏడాదిలో రెండు పత్రాలుంటే సంవత్సరం పక్కన ‘ఎ’, ‘బి’ చేర్చే అలవాటు చాలామందికి ఉంది. ఆ అక్షరాలు గ్రంథసూచి తయారైనప్పుడు దాని శైలిని బట్టి, వరుసను బట్టి పడేవి కనుక వాటిని కీలో ఇరికిస్తే మీ ‘ఎ’ ముద్రణలో ‘బి’ కావచ్చు. ముద్రణకు ముందరి ప్రతిగా 2021లో చదివిన పత్రం 2023లో పత్రికలో వచ్చినప్పుడు నమోదులో సంవత్సరాన్ని దిద్దండి గాని కీ జోలికి పోకండి. అందులో 2021 అనే ఉన్నా నష్టం లేదు, అది మీకు గుర్తు మాత్రమే, పాఠకులకు కనిపించదు.

ఇక ఒకే ఫైలా, అనేక ఫైళ్లా అన్న ప్రశ్న. చదివినదాని నోట్సుకు పత్రానికొక ఫైలు, మీ ఆలోచనలకు ప్రశ్నకొక ఫైలు ఉండాలన్నది నా అభిప్రాయం. మొదటి రకంలో ఆ పత్రం ఏమి చెప్పిందో మాత్రమే ఉంటుంది. రెండో రకం ఫైలు పేరే ఒక ప్రశ్న, అందులో వివిధ పత్రాల కీలను ప్రస్తావిస్తూ మీరే వాదించుకుంటూ పోతారు. నా సిద్ధాంత గ్రంథంలో అధ్యాయాలుగా ఎదిగినవి ఈ రెండో రకం ఫైళ్లే. ఇవి కాక తేదీలవారీ దినచర్య ఫైలు ఒకటి ఉంటుంది, ఎక్కడ పెట్టాలో తోచనిదంతా అందులో పడుతుంది.

ఇప్పుడు నన్ను నిజంగా భయపెట్టిన సంగతి చెప్పాలి. నాలుగో ఏడాదిలో రెండో అధ్యాయం రాస్తూ పాత నోట్సులో ఒక చక్కని పేరా చూశాను. ఉల్లేఖన చిహ్నాలు లేవు, పుట సంఖ్య లేదు, అది నా రచనో, పత్రంలోని వాక్యాలో ఎంత ఆలోచించినా తేలలేదు. రెండు రోజులు పీడీఎఫ్‌లు వెదికితే, మొదటి రెండు వాక్యాలు యథాతథంగా ఆ రచయితవి, మూడోది నాది అని బయటపడింది. దానిని నాదనుకుని అధ్యాయంలో పెట్టి ఉంటే గ్రంథచౌర్యం అయ్యేది, నాకు ఆ ఉద్దేశం లేదని ఎవరికి చెప్పుకోగలను? అప్పటి నుంచి రచయిత మాటలున్న ప్రతి పంక్తికీ మొదట గ్రేటర్ దెన్ గుర్తు (>) పెడతాను, మార్క్‌డౌన్‌లో ఉల్లేఖనకు గుర్తు ఎలాగూ అదే. వారి భావాన్ని నా మాటల్లో చెప్పినప్పుడు ఏ గుర్తూ లేకుండా చివర పుట సంఖ్య వేస్తాను. నా సొంత వ్యాఖ్య ‘నేను:’ అని మొదలవుతుంది. పుట సంఖ్యా, ‘నేను:’ రెండూ లేని పంక్తి కనిపిస్తే దానిని వాడను.

పుట సంఖ్య అంటే అచ్చుపుట సంఖ్య, పీడీఎఫ్ చూపే సంఖ్య కాదు. పైన చెప్పిన షానన్ పత్రమే దీనికి మంచి ఉదాహరణ. పత్రికలో అది రెండు భాగాలుగా, 379 నుంచి 423 వరకు ఒకటి, 623 నుంచి 656 వరకు మరొకటిగా వచ్చింది, అంతర్జాలంలో తిరిగే పునర్ముద్రణ ప్రతిలో పుటలు 1 నుంచి మొదలవుతాయి. పైగా 1949లో పుస్తకరూపంలో వచ్చినప్పుడు ఇంగ్లీషు శీర్షిక మొదట్లోని ‘ఎ’ కాస్తా ‘ది’గా మారింది. ఏ ప్రతిని చదివారో దానికే నమోదు చేయాలి. పత్రికా ప్రతిని, పుస్తకాన్ని రెండింటినీ వాడితే రెండు కీలు ఉండాలి.

నమోదులను ప్రచురణకర్తల వెబ్ పుటల నుంచి దించుకోవచ్చు, డీఓఐ (పత్రానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య) ఇస్తే బిబ్‌టెక్స్ రూపంలో తెచ్చే సదుపాయమూ ఉంది. దించుకున్నదానిని చదవకుండా నమ్మవద్దు. 1985 నుంచి ఉన్న బిబ్‌టెక్స్‌కు తనవైన పట్టింపులు ఉన్నాయి: రచయితల పేర్ల మధ్య కామాలు కాకుండా ‘అండ్’ అనే మాటే ఉండాలి, శీర్షికలోని విశేష నామాలను ఫ్లవర్ బ్రాకెట్లలో పెట్టకపోతే కొన్ని శైలులు వాటి పెద్దక్షరాలను చిన్నవిగా మార్చేస్తాయి, రచయిత స్థానంలో సంస్థ పేరు ఉంటే దానికి అదనంగా మరో జత ఫ్లవర్ బ్రాకెట్లు వేయాలి. ఈ చివరిది తెలియక, ఒక సంస్థ పేరులోని ఆఖరి మాటను ఇంటిపేరుగా, మిగతా మాటలను పొట్టి అక్షరాలుగా మార్చిన గ్రంథసూచిని నేను పర్యవేక్షకులకు సమర్పించాను. ఆయన నవ్వారు గనుక సరిపోయింది.

పత్రాలను సేకరించడానికి నేను ఇప్పటికీ జొటెరో అనే రిఫరెన్సుల ప్రోగ్రాము వాడతాను, బెటర్ బిబ్‌టెక్స్ అనే అనుబంధం దాని నుంచి నా బిబ్‌టెక్స్ ఫైలును ఎప్పటికప్పుడు తాజాగా ఉంచుతుంది. సాదా టెక్స్ట్ అంటే తక్కినవన్నీ వదిలేయాలని అర్థం కాదు, నోట్సు మాత్రం జొటెరో లోపల రాయను.

వెదకడం దగ్గర రెండు ఉచ్చులున్నాయి. పీడీఎఫ్ నుంచి నకలు చేసిన ఇంగ్లీషు వాక్యాల్లో ‘ఎఫ్’, ‘ఐ’ అక్షరాలు కలిసి ఒకే గుర్తుగా రావచ్చు. కంటికి తేడా తెలియదు, వెదికితే దొరకదు. పంక్తి చివర హైఫన్‌తో విరిగిన మాటలదీ అదే కథ. తెలుగులో నోట్సు రాసుకునేవారికి ఇంకొకటి ఉంది: ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలో పొల్లును విడిగా చూపడానికి కొన్ని కీబోర్డులు కంటికి కనిపించని అక్షరం ఒకటి చేరుస్తాయి, కొన్ని చేర్చవు, కాబట్టి ఒకచోట ఫోన్‌లో, మరోచోట కంప్యూటర్‌లో టైపు చేసిన ఒకే మాట వెదుకులాటలో రెండు మాటలవుతుంది. అతికించిన వెంటనే ఉల్లేఖనను శుభ్రం చేసి, వాక్యానికొక పంక్తిగా విడగొడతాను. ఫైళ్లలో మాటలు వెదికే గ్రెప్ అనే ప్రోగ్రాము పంక్తి పంక్తినే వెదుకుతుంది కనుక పదబంధాలు దానికి చిక్కుతాయి, ఫైళ్ల పాత ప్రతులను దాచి ఉంచే గిట్‌లో పాత ప్రతితో పోల్చినప్పుడు ఏ వాక్యం మారిందో కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఈ పద్ధతికి చేతకానివీ ఉన్నాయి. పటాల మీద రాసుకున్న వ్యాఖ్యలు, వెడల్పైన పట్టికలు ఇందులో ఇమడవు. పాన్‌డాక్ మీ కీలను చదివి గ్రంథసూచితో సహా వర్డ్ ఫైలు తయారుచేస్తుంది, కానీ ఆ ఫైలు మీద పర్యవేక్షకులు చేసిన దిద్దుబాట్లను తిరిగి టెక్స్ట్‌లోకి నేను చేతితోనే ఎక్కిస్తాను. అందుకే అధ్యాయం దాదాపు స్థిరపడేదాకా వర్డ్ ఫైలు పంపను.

మీ 300 పత్రాలను ఒక్కసారిగా మార్చడానికి కూర్చోవద్దు. నేను ఒక సెలవుకాలమంతా అలాగే వెచ్చించాను, ఆ ఫైళ్లలో ముప్పాతిక భాగం తిరిగి తెరిచిన పాపాన పోలేదు. ఇప్పుడు రాస్తున్న అధ్యాయంలో ఉదహరించేవాటికి మాత్రమే కీ ఇచ్చి, నోట్సు ఫైలు తెరవండి. పాత వర్డ్ ఫైళ్లను యూటీఎఫ్-8 (తెలుగుతో సహా అన్ని లిపులనూ దాచగల అక్షర సంకేత పద్ధతి) టెక్స్ట్‌గా ఒక ఫోల్డరులో పడేసి ఉంచితే వెదుకులాటకు అవీ అందుతాయి. వాటిలోని ఏ వాక్యమైనా అవసరమైన రోజున పీడీఎఫ్ తెరిచి, అది ఎవరిదో, ఏ పుటలోదో సరిచూసుకున్నాకే కొత్త ఫైలులోకి తెచ్చుకోండి.