సెలవుల్లో ముందు భిన్నాలు, తర్వాతే ఫౌండేషన్

ప్రశ్న: మాది చీరాల. మా వారికి బట్టల కొట్టు ఉంది. మా అబ్బాయి ఏడో తరగతి పూర్తి చేశాడు కానీ లెక్కల్లో వెనకబడ్డాడు. వేసవిలోనే ఎనిమిదో తరగతి పాఠాలతో ఐఐటీ ఫౌండేషన్ మొదలుపెడతామని ఒక సంస్థ వారు చెబుతున్నారు. చేర్పించకపోతే సెలవులన్నీ ఫోన్‌తోనే గడిచిపోతాయేమోనని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, ఈ వేసవికి ఆ కోచింగ్ వద్దనే నా సలహా. ఇంటర్ పూర్తయ్యేసరికి మీ అబ్బాయికి ఇంకా ఐదేళ్లు ఉంది. కింది తరగతుల లెక్కలే సరిగా రానప్పుడు పై తరగతివి మొదలుపెడితే, అర్థమయ్యేది తక్కువ, లెక్కలంటే పుట్టే బెదురు ఎక్కువ. ఎనిమిదో తరగతి సమీకరణాల దగ్గర తడబడే పిల్లల్లో చాలామందికి అసలు చిక్కు భిన్నాల్లోనో, రుణ సంఖ్యల్లోనో ఉండడం నేను తరచుగా చూస్తుంటాను.

భిన్నాలు నేర్పడానికి మీ కొట్టుకు మించిన చోటు లేదు. తానులో ఏడున్నర మీటర్ల గుడ్డ మిగిలిందనుకోండి. రెండుంపావు మీటర్ల చొప్పున ఎన్ని షర్టు ముక్కలు వస్తాయో, ఎంత మిగులుతుందో ముందు కాగితం మీద చేయించండి. భాగిస్తే మూడు, ఇంకా మూడింట ఒక వంతు వస్తుంది. ఆ మూడో వంతును చూసి మిగిలింది మీటరులో మూడో వంతు అని అతను అనవచ్చు. వెంటనే తప్పు అనకండి, మీటరు బద్ద అందించి కొలవమనండి. మిగిలిన గుడ్డ ముప్పావు మీటరు. మూడో వంతు అన్నది మీటరులో కాదు, రెండుంపావు మీటర్ల ముక్కలో అని తన చేతితో కొలుచుకున్న పిల్లవాడు దాన్ని మరచిపోడు. అయితే రోజుకు ఒక గంట చాలు; పనివాళ్లు తక్కువయ్యారని పిల్లవాణ్ణి రోజంతా కొట్టులో నిలబెట్టడం మాత్రం చేయకండి.

ఆ గంటకు తోడు, పొద్దున్నే మరో అరగంట ఆరో తరగతి పుస్తకంలోని అభ్యాసాలు చేయించండి. ఆటలు ఎండ ముదరక ముందు, మళ్లీ సాయంత్రం అయిదు తర్వాత. వాడరేవు సముద్రానికి పెద్దవాళ్ల తోడు లేకుండా ఒక్కరోజు కూడా పంపవద్దు. ఫోన్‌కు ఒక వేళ పెట్టండి, ఆ నియమం ఇంట్లో పెద్దలకు కూడా వర్తించాలి, లేకపోతే అది నిలవదు.

మీకు దగ్గరలోనే వేటపాలెంలో, 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. పాత పత్రికలకు పేరున్న చోటు అది. అక్కడి వారి అనుమతి అడిగి, తాతయ్య చిన్ననాటి పత్రిక ఒకటి చూపించి, అందులోని ధరలను ఇప్పటి ధరలతో పోల్చి రాయమనండి. చదవడం, లెక్క రెండూ అందులోనే ఉన్నాయి.

బడులు తెరిచే ముందు, జూన్ మొదటి వారంలో, భిన్నాల మీద పది లెక్కలు ఇచ్చి చూడండి. అప్పటికీ తడబడితే ఆ కాగితాన్నే బడిలోని లెక్కల మాస్టారికి చూపించి, ఎక్కడ ఆగిపోతున్నాడో అడగండి.