లాన్ తీసేయాలా? ఇక్కడ తొలకరి దీపావళికి

సందేహం: కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఇల్లు కొని ఆరు నెలలైంది. ముందున్న లాన్‌కి నీళ్ల బిల్లు చూస్తే గుండె గుభేలుమంటోంది. జూన్‌లో అమ్మావాళ్లు వస్తున్నారు. ఆలోపే గడ్డి పీకించి, నీళ్లు పెద్దగా అడగని ఇక్కడి మొక్కలు వేద్దామనుకుంటున్నాం. చేయొచ్చా?

జవాబు: తప్పకుండా చేయండి, కానీ అమ్మావాళ్లు వచ్చేలోపు మాత్రం వద్దు. ఆ తొందర నేను పడ్డాను.

మాది అనంతపురం. నీళ్ల విలువ నాకొకరు చెప్పక్కర్లేదు. అయినా ఇక్కడికొచ్చాక, ముందు పచ్చగా లేకపోతే అదేం ఇల్లు అనుకుంటూ ఏళ్ల తరబడి స్ప్రింక్లర్లు తిప్పాను. 2015లో కరువు ముదిరి, అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఊళ్లలో నీటి వాడకం 25 శాతం తగ్గించాలన్నప్పుడు గానీ లెక్క వేయలేదు. 1,000 చదరపు అడుగుల గడ్డి మీద అంగుళం నీళ్లు నిలపాలంటే దాదాపు 620 గ్యాలన్లు కావాలి. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్‌లో సగం. ఎండాకాలంలో వారానికి అంత పోయాల్సిందే. ఇంతా చేసి శాన్ హోసేలో ఏడాదికి పడే వాన సుమారు 15 అంగుళాలు. మా అనంతపురంలో 20 పైమాటే!

సరే, మేలో గడ్డి పీకించాను, జూన్‌లో మొక్కలు నాటాను. ఆగస్టుకి సగం ఎండిపోయాయి. రిబేటూ పోయింది. మన శాంటా క్లారా కౌంటీలో లాన్ తీసి తక్కువ నీటి మొక్కలు వేస్తే ఇక్కడి నీటి సంస్థ వ్యాలీ వాటర్ చదరపు అడుగుకి ఇంతని తిరిగిస్తుంది. కానీ ముందు అప్లై చేసి, వాళ్లు సరే అన్నాకే గడ్డి మీద చెయ్యి వేయాలి. నేను పీకించాక అడిగాను.

అసలు పొరపాటు ఎక్కడంటే, మన దగ్గర ఎండలు కాశాక వాన వస్తుంది, తొలకరికి నాటుతాం. ఇక్కడ వానలు చలికాలంలో పడతాయి, ఎండాకాలమంతా చుక్క రాలదు. కాబట్టి ఇక్కడి తొలకరి దీపావళికి వస్తుందనుకోండి. అక్టోబరు, నవంబరుల్లో నాటితే వానలకి వేళ్లు లోతుకి దిగుతాయి. ఒక గ్యాలన్ కుండీల్లో దొరికే చిన్న మొక్కలే కొనండి. చవక, పైగా త్వరగా నిలదొక్కుకుంటాయి.

మరి అప్పటిదాకా ఖాళీగా ఉండాలా? లేదు, ముందు మీ గడ్డి ఏదో చూడండి. ఇక్కడ బెర్ముడా గ్రాస్ అనేది మన గరికే. దాని సంగతి మీకు తెలిసిందే. మామూలు గడ్డైతే టేపులు పీకేసిన అట్టపెట్టెలు ఆరంగుళాలు ఒకదానిమీదొకటి వచ్చేలా పరిచి, తడిపి, పైన కంపోస్టు, మూడు నాలుగంగుళాల మందాన చిన్న చెక్కముక్కలు వేస్తే చచ్చిపోతుంది. గరిక చావదు, అట్టల సందుల్లోంచి తల ఎత్తుతుంది. దాన్ని పొట్టిగా కత్తిరించి, బాగా తడిపి, జూన్, జూలైల్లో పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టా అంచులు బిగించి కప్పండి. ఆరు వారాలకి పైన ఉడికిపోతుంది. లోతున మిగిలిన వేళ్లు చేత్తో తవ్వాల్సిందే, నడుం నొప్పికి సిద్ధపడండి.

మొక్కల్లో నాకు నచ్చినవి: క్లీవ్‌లాండ్ సేజ్, యారో, డీర్ గ్రాస్, మంజనీటా. నారో లీఫ్ మిల్క్‌వీడ్ ఒకటి తప్పక పెట్టండి. ఆకు తుంచితే పాలు కారతాయి, మన జిల్లేడు కుటుంబమే. మొనార్క్ సీతాకోకచిలుక పిల్లలు తినేది మిల్క్‌వీడ్ ఆకులే. చలికాలంలో ఎండు పుల్లలా అయిపోతుంది. చచ్చిందనుకుని మా ఆవిడ ఒకసారి పీకేసింది.

మొదటి ఒకటి రెండు ఎండాకాలాలు డ్రిప్‌తో నీళ్లివ్వాలి. తర్వాత చెయ్యి కట్టేసుకోవాలి, అదే కష్టం. నీలిపూల సియనోథస్ మూడేళ్లు బ్రహ్మాండంగా పెరిగింది. జూలైలో వాడినట్టుందని జాలిపడి రోజూ పైపు పట్టాను. వేళ్లు కుళ్లి పోయింది. వేడి నేలలో తడి దానికి పడదు.

హెచ్‌ఓఏ, అంటే మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం గురించి టెన్షన్ వద్దు. లాన్ తీసి తక్కువ నీటి మొక్కలు వేసుకోవద్దని వాళ్లు అనడానికి లేదు, కాలిఫోర్నియా సివిల్ కోడ్ 4735లో ఉంది. డిజైన్ ముందుగా చూపించమంటే చూపించండి. ప్లాస్టిక్ గడ్డి మాత్రం వద్దు, ఎండలో కాలు పెట్టలేరు.

కరివేపాకు, మల్లె వంటింటి గుమ్మం దగ్గర కుండీల్లో ఉంచుకోండి, వాటి నీళ్ల లెక్క వేరు. నేనైతే ఇంకో కుండీలో గరిక కూడా పెంచుతున్నాను. పీకి పారేసిన ఏడాదే చవితికి దుకాణంలో డబ్బిచ్చి కొనాల్సొచ్చింది మరి.