అమ్మకు అబద్ధం చెప్పి ఇస్తున్న మాత్ర

ప్రశ్న: నాన్న పోయి ఏడాదయింది. అప్పట్నుంచి రాత్రి తొమ్మిదైతే అమ్మకు గుండె దడ, ఏదో జరగబోతుందని భయం. ఈసీజీ తీసి గుండె బాగుందన్నారు. డాక్టరుగారు రాసిన టెన్షన్ మాత్ర రెండు వారాలు వాడి, ఆయన చెప్పినట్టే మెల్లగా ఆపేశాం. మూడో రోజే ‘మాత్రేదే?’ అని గొడవ. వేగలేక బీ కాంప్లెక్స్ గొట్టం మాత్ర ఇచ్చి, ‘అదేనమ్మా, కంపెనీ మారింది’ అన్నాను. అరగంటలో నిద్రపోయింది! పైగా పొద్దున్నే, ‘ఒంటేలు పచ్చగా వస్తోందే, మందు బాగా పట్టింది’ అంది. నెలగా ఇదే నాటకం. ఇప్పుడు నిద్ర లేనిది నాకు. నిజం చెబితే మళ్లీ మొదటికొస్తుందా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో ముప్ఫై ఏళ్లు మందుల షాపు నడిపాను తల్లీ. ‘కంపెనీ మారింది’ అన్న మాట మీ ఇంట్లో చెల్లిందంటే మీ అదృష్టం. కోవూరు నుంచి వచ్చే పెద్దాయన ఒకరు, బీపీ మాత్ర రంగు మారితే చాలు, షీటు కౌంటర్ మీద పడేసి ‘ఇది నాకు పట్టట్లేదబ్బయ్యా, ఆ తెల్లదే ఇయ్యి’ అనేవారు. లోపల మందు ఒకటే!

మీ అమ్మగారిది నటన కాదు. 2005లో స్వీడన్ పరిశోధకులు కొందరికి చూడ్డానికి ఇబ్బందిగా ఉండే బొమ్మలు చూపించారు. మొదటి రోజు ఆందోళన తగ్గించే అసలు మందే ఇచ్చారు. మర్నాడు కూడా అదే అని చెప్పి ఉప్పునీళ్లు ఎక్కించారు. అయినా బాధ తగ్గిందన్నారు వాళ్లు. స్కానింగులో మెదడు పనితీరులోనూ తేడా కనిపించింది. మీ ఇంట్లో జరిగిందీ అదే వరస. ముందు అసలు మాత్ర రుచి చూపించింది, తర్వాత విటమిన్ ఆ నమ్మకం మీద నడిచింది. దీన్నే ప్లసీబో అంటారు.

ఇక మీ అసలు బెంగ. 2020లో అమెరికాలో, ‘ఇది ఉత్త ఉప్పునీళ్లే, కానీ నమ్మితే మనసు కుదుటపడుతుంది’ అని ముందే వివరించి ముక్కులో స్ప్రే కొట్టించారు. అప్పుడు కూడా అలాంటి బొమ్మలు చూసినప్పటి కలత తగ్గింది, మెదడు తరంగాలు కొలిచే ఈఈజీ పరీక్షలో సహా. అంటే అబద్ధం లేకుండానూ ఇది పనిచేయొచ్చు. మీ అమ్మగారికి తప్పకుండా చేస్తుందని మాత్రం రాసివ్వలేను.

నేనైతే చెప్పేస్తాను. ఎప్పుడో డబ్బా మీద పేరు పక్కింటావిడ చదివి చెబితే, రేపు అసలు మందిచ్చినా నమ్మరు. మాత్ర వేసుకునే వేళ కాకుండా పగలు, ఇద్దరూ కాఫీ తాగుతున్నప్పుడు చెప్పండి. రాత్రి ఆ వేళకే, అదే గ్లాసుతో నీళ్లు, మీరు పక్కన కూర్చోవడం, ఇవేవీ మార్చకండి. డాక్టరుగారికీ ఒక మాట చెప్పండి. భర్త పోయిన దిగులు ఏడాదైనా తగ్గకపోతే ఆయన చూడాల్సిందే. దడతో పాటు చెమటలు, ఛాతీలో నొప్పి వస్తే మాత్రం ఏ మాత్ర కోసమూ ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

ఆ పచ్చరంగు బీ2 విటమిన్‌ది. అదీ చెప్పండి, నవ్వుకుంటారు.