వైన్‌లో సీసం ఉందేమోనని అనుమానమా? కూజాను కూడా పరీక్షించండి

ప్రశ్న: నా వయసు 54. రోజూ రాత్రి ఒకటి రెండు గ్లాసుల రెడ్ వైన్ తాగుతాను. సీసా తెరిచాక మిగిలినదాన్ని పాత క్రిస్టల్ కూజాలో పోసి, ఒక్కోసారి వారాల తరబడి ఉంచుతాను. మూడు నెలలుగా అరికాళ్లలో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు మంట. ఆన్‌లైన్‌లో కొన్న స్ట్రిప్‌తో చూస్తే వైన్‌లో సీసం ఉన్నట్టు రంగు మారింది. వైన్‌ను ఎలా పరీక్ష చేయించాలి? నా తిమ్మిర్లకు లోహాలే కారణమా?
- ఒక పాఠకుడు

సలహా: ఆ స్ట్రిప్‌ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకండి. అలాంటివి నీటి కోసం తయారుచేసినవి. వైన్ పీహెచ్ 3 నుంచి 4 మధ్య ఉంటుంది, అంటే నీటి కంటే ఆమ్లగుణం చాలా ఎక్కువ. రెడ్ వైన్‌కు సొంత రంగు ఉంటుంది, అందులోని టానిన్లు లోహాలను పట్టేసుకుంటాయి. అందువల్ల సీసం లేకున్నా రంగు మారొచ్చు, ఉన్నా మారకపోవచ్చు. టీడీఎస్ మీటర్ కూడా ఇక్కడ పనికిరాదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘క్రిస్టల్ కూజా’. సంప్రదాయ లెడ్ క్రిస్టల్ గాజులో బరువులో 24 శాతం, అంతకు మించి లెడ్ ఆక్సైడ్ (లెడ్ అంటే సీసమే) ఉంటుంది. వైన్‌లోని ఆమ్లం దాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. వడ్డించే గంట సేపట్లో దిగేది తక్కువే. నెలల తరబడి ఉంచితే లీటరుకు కొన్ని మిల్లీగ్రాముల దాకా చేరినట్టు 1990ల నాటి పరిశోధనల్లో తేలింది. అంతర్జాతీయ వైన్ సంస్థ ఓఐవీ 2019 పంట నుంచి పెట్టిన పరిమితి లీటరుకు 0.10 మిల్లీగ్రాములు. ఆ పరిమితిలో ఉన్న వైన్ 150 మిల్లీలీటర్లు తాగితే శరీరంలోకి వెళ్లే సీసం 15 మైక్రోగ్రాములకు మించదు. లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉంటే అదే గ్లాసులో 300 మైక్రోగ్రాములు.

కాబట్టి ఒక్క నమూనా పంపితే సమాధానం సగమే దొరుకుతుంది. కొత్త సీసా తెరవగానే కొంత వైన్‌ను ల్యాబ్ ఇచ్చిన పాలీప్రొపిలీన్ ట్యూబులో నింపి మూత బిగించండి. మిగతాదాన్ని మీరు మామూలుగా ఉంచినన్ని రోజులు కూజాలో ఉంచి, అప్పుడు రెండో ట్యూబు నింపండి. రెండు ఫలితాల మధ్య తేడాయే కూజా నుంచి వచ్చిన సీసం. ఒక్కో నమూనాకు 50 మిల్లీలీటర్లు సరిపోతాయి. పాత సీసాలకు మూతిపై సీసపు రేకు ఉండేది కనుక, వంచే ముందు సీసా పెదవిని తడిగుడ్డతో బాగా తుడవండి. లోహపు గరాటు వాడొద్దు. ట్యూబులను 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో నానబెట్టి కడిగారా అని ల్యాబును అడగండి. కడగని ట్యూబు నుంచే జింకు, సీసం వచ్చి చేరడం ఈ పరీక్షలో తరచూ జరిగే పొరపాటు.

సీసం, కాడ్మియం, ఆర్సెనిక్‌లకు ఐసీపీ-ఎంఎస్ (అతి తక్కువ మోతాదు లోహాలను ద్రవ్యరాశిని బట్టి గుర్తించి కొలిచే యంత్రం) పద్ధతిని అడగండి. గ్రాఫైట్ ఫర్నేస్ ఉన్న అటామిక్ అబ్సార్ప్షన్ యంత్రమైనా సరిపోతుంది. పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, ఇనుము, రాగి వంటివి ఎక్కువ మోతాదులో ఉంటాయి కనుక మంటతో పనిచేసే మామూలు ఫ్లేమ్ యంత్రమే చాలు. వైన్‌ను నేరుగా యంత్రంలోకి పంపకూడదు. ఆల్కహాల్, చక్కెర కొలతను తారుమారు చేస్తాయి. అందుకే కొద్ది నమూనాకు నైట్రిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి, మూసిన పాత్రలో మైక్రోవేవ్ వేడితో కరిగించి, తర్వాత పలుచన చేస్తారు. ఆర్సెనిక్ విషయంలో ఇంకో చిక్కుంది: ఆర్గాన్, క్లోరిన్ కలిసి ఆర్సెనిక్‌తో సమానంగా 75 ద్రవ్యరాశి చూపిస్తాయి, మిగిలిపోయిన కార్బన్ కూడా సంకేతాన్ని పెంచుతుంది. ఇలాంటి దొంగ సంకేతాలను తగ్గించే హీలియం కొలిజన్ సెల్ అనే భాగాన్ని వాడారో లేదో కనుక్కోండి.

రిపోర్టులో ముందు చూడాల్సింది యూనిట్. సీసం లీటరుకు 85 మైక్రోగ్రాములంటే 0.085 మిల్లీగ్రాములే, అంటే పరిమితిలోపే. ‘85’ అంకె చూసి బెంబేలెత్తేవారు ఎక్కువ. ఖాళీ నమూనా (వైన్ లేకుండా రసాయనాలతోనే చేసిన పరీక్ష) విలువ, తెలిసిన మోతాదు లోహం కలిపితే తిరిగి ఎంత శాతం దొరికిందన్న సంగతి కూడా రిపోర్టులో ఉండాలి. 80 నుంచి 120 శాతం మధ్య ఉంటే సాధారణంగా నమ్మవచ్చు. రాగికి ఓఐవీ పరిమితి 1, జింకుకు 5, ఆర్సెనిక్‌కు 0.2, కాడ్మియంకు 0.01 మిల్లీగ్రాములు, అన్నీ లీటరుకే. ఇనుము పది మిల్లీగ్రాములు దాటితే వైన్ మసకబారవచ్చు గాని అది ఎక్కువగా తయారీదారు సమస్య.

ఇక మీ పాదాల సంగతి. వైన్ రిపోర్టు వైన్ గురించి చెబుతుంది, మీ ఒంటి గురించి కాదు. సీసం నరాలను దెబ్బతీస్తే పెద్దల్లో ముందుగా కండరాల బలం తగ్గుతుంది, మణికట్టు వేలాడిపోతుంది. అరికాళ్ల మంటకు మధుమేహం, బి12 లోపం, రోజువారీ ఆల్కహాల్ ఎక్కువగా కారణమవుతాయి. ఆర్సెనిక్ కూడా ఇలా చేయగలదు, కానీ అప్పుడు వైన్ కంటే తాగే నీటిని ముందు అనుమానించాలి. హెచ్‌బీఏ1సీ (మధుమేహానికి), బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కు), రక్త కణాల లెక్క, క్రియాటినిన్ (కిడ్నీలకు), లివర్ పరీక్షలు చేయించండి. వాటితో పాటు రక్తంలో సీసం పరీక్ష కూడా. దానికి సిర నుంచి, లోహాలు కలవకుండా తయారుచేసిన ట్రేస్ ఎలిమెంట్ ట్యూబులోకి రక్తం తీయించాలి. వేలి చివర గుచ్చితే చర్మంపై మురికి కలిసి తప్పుడు అంకె వస్తుంది. డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకంటే ఎక్కువ ఉంటే మూలాన్ని వెతకాలని డబ్ల్యూహెచ్‌ఓ చెబుతోంది. మూత్రంలో ఆర్సెనిక్ పరీక్ష రాస్తే మూడు నాలుగు రోజుల ముందు నుంచి చేపలు, రొయ్యలు మానండి. జుట్టు పరీక్షకూ, మందు మింగించి మూత్రంలో లోహాలు లెక్కించే పరీక్షకూ ఒప్పుకోవద్దు. వాటి ఫలితాలతో చికిత్స మొదలుపెట్టడం హానికరం.

కూజాలో ఉన్న వైన్ పారబోయండి. పరీక్షకు పోసింది తాగొద్దు. ఫలితాలు వచ్చేదాకా వైన్ పూర్తిగా మానండి. సీసం సంగతి ఎలా ఉన్నా నరాలకు ఆల్కహాల్ మేలు చేయదు. తాగుడు ఇంతకన్నా ఎక్కువగా ఉంటే, మానేటప్పుడు వణుకు వస్తుంటే ఒక్కసారిగా ఆపకుండా డాక్టర్ పర్యవేక్షణలో ఆపండి. మణికట్టు లేదా పాదం పైకి ఎత్తలేకపోయినా, మలబద్ధకంతో తీవ్రమైన కడుపునొప్పి వచ్చినా రిపోర్టుల కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.